వదిన విరగ్గొట్టిన మడ్‌గార్డు

వదిన షెడ్డులోకి వచ్చేసరికి అతుకులమ్మ ఓ స్కూటర్ సైడ్ ప్యానెల్‌ని ఒళ్ళో పెట్టుకుని ఎమరీ పేపర్‌తో రుద్దుతోంది. వదిన చంకలో దుప్పటి మూట ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు అంటుకుపోయి ఉన్నాయి.

“ముందు ఈ వేళ్ళు విడదియ్యవే తల్లీ! మూట సంగతి తర్వాత చెబుతాను.”

“ఎంత జిగురు పోశావొదినా?”

“ఒక్క ట్యూబు.”

“అబద్ధం.”

“సరేలే, మూడు.”

అతుకులమ్మ దూదిని అసిటోన్‌లో ముంచి వేళ్ళ మధ్య నెమ్మదిగా అద్దింది. గోళ్ళరంగు చెరపడానికి వాడేదీ అదే. వేళ్ళు విడిపోయాక వదిన మూట విప్పింది. లోపల మోటార్‌సైకిల్ ముందు మడ్‌గార్డు, నల్లటిది, రెండు ముక్కలై ఉంది. అంచుల నిండా ఎండిన జిగురు పొక్కులు. అది ఎవరి బండిదో అతుకులమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. తన సొంత అన్నయ్యది.

ఆ బండంటే అన్నయ్యకు పంచప్రాణాలు. “ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడనివ్వలేదు” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు, అడిగినా అడక్కపోయినా. యాభై ఎనిమిదో ఏట వదిన బండి నేర్చుకుంటానంటే ఏడాదిపాటు చెవుడు నటించాడు. వదిన పట్టు వదల్లేదు. “ఇన్నేళ్ళుగా వెనక కూర్చున్నాను. నాకు రోడ్లు తెలీవండీ, మీ వీపు తెలుసు” అంది. రెండుసార్లు తప్పి, మూడోసారికి లైసెన్సు తెచ్చుకుంది. అన్నయ్య తాళంచెవి ఇవ్వక తప్పలేదు కానీ ఓ షరతు పెట్టాడు: బండి మీద ఒక్క గీత పడినా తాళంచెవి బీరువాలోకి వెళ్తుంది, ఇక బయటికి రాదు.

ఆయన పనిమీద పొరుగూరు వెళ్ళిన మూడోనాడే వదిన బండిని తిన్నగా తీసుకెళ్ళి సొంత గేటుకి గుద్దింది.

“ఆదివారం సాయంత్రం వచ్చేస్తారే. ఆలోగా ఇది అతక్కపోతే నా బండి యోగం ఇంతటితో సరి” అంది వదిన.

“ఇవాళ శుక్రవారమేగా. నేను లేనూ?” అంది అతుకులమ్మ.

ఆవిడకా పేరు ఊరికే రాలేదు. పెళ్ళై వచ్చిన కొత్తలో భర్తగారి మెకానిక్ షెడ్డు వెనక పగిలిన ప్లాస్టిక్ గుట్టలుగా పడి ఉండేది. “ఇంజన్‌కి ప్రాణం పొయ్యగలను గానీ, ప్లాస్టిక్ పగిలిందంటే పగిలిందే” అనేవాడాయన. ఆవిడకా మాట మింగుడుపడలేదు. కనబడిన జిగురల్లా తెచ్చి ప్రయోగాలు చేసింది. చేతులు కాల్చుకుంది, తిట్లు తింది, నేర్చుకుంది. ఇప్పుడు షెడ్డులో వెనక సగం ఆవిడదే. బల్ల మీద రెండు గొట్టాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు, అసిటోన్‌లో ప్లాస్టిక్ తుక్కు కరిగించి చేసుకున్న పేస్టు, తుక్కు డబ్బాలు, సన్న తీగ చుట్టలు. చిటికెలో అంటుకునే జిగురంటే మాత్రం ఆవిడకు గిట్టదు. “అదొట్టి తొందరపాటు మనిషి. బండి నాలుగుసార్లు అదిరిందా, పుటుక్కున తెంచుకుని పోతుంది” అంటుంది. మరి ఏ జిగురు మంచిదని అడిగితే, “పిల్లెవరో తెలీకుండా సంబంధం చూస్తామా? ముందు అది ఏ ప్లాస్టికో తెలుసుకో” అని మందలిస్తుంది.

తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర ఓ గాజు గ్లాసుంది. లోపలివైపు ప్లాస్టిక్ రకం చెప్పే అచ్చు అక్షరాలు కనబడితే సరే, అవి అరిగిపోతే విరిగిన అంచు నుంచి గోరంత ముక్క కోసి నీళ్ళలో వేస్తుంది. తేలిందంటే ఏ జిగురుకూ లొంగని మొండిఘటం, వేడిచేసి కరిగించి అతకాల్సిందే. మునిగిందంటే అసిటోన్ చుక్క వేసి చూడాలి. మెత్తబడితే పేస్టు పనిచేస్తుంది.

వదిన తెచ్చిన మడ్‌గార్డు ముక్క బుడుంగున మునిగింది. అసిటోన్ చుక్క కూడా వేసి చూడాల్సిందే. కానీ పక్కనే వదిన గేటు తనకు అడ్డం ఎలా వచ్చిందో చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆ గేటు ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. అతుకులమ్మ పడీ పడీ నవ్వుతూ ఆ చుక్క సంగతి మరిచిపోయి పేస్టు పట్టించి, బిగింపులు వేసి, వదినని ఇంటికి పంపించింది.

శనివారం పొద్దున బిగింపులు తీసిందో లేదో, మడ్‌గార్డు మళ్ళీ రెండుగా చేతిలోకి వచ్చింది. పేస్టు పాలమీద మీగడలా ఊడి వచ్చింది.

“ఏమే, నీ గ్లాసు అబద్ధం చెప్పిందా?” అన్నాడు ముందు షెడ్డులోంచి భర్త, హుషారుగా.

అతుకులమ్మకు ఒళ్ళు మండింది. ఈసారి విరిగిన చోటికి జానెడు దూరంలో ఇంకో ముక్క కోసి గ్లాసులో వేసింది. అది తేలింది. నిన్నటి ముక్క అడుగునే ఉంది. ఒకే మడ్‌గార్డుకి రెండు బుద్ధులెలా వస్తాయి? బ్లేడు తీసుకుని విరిగిన చోట లోపలివైపు గీకింది. నల్లటి పొర కింద గట్టిపడిన పాత ఎపాక్సీ బయటపడింది, నిన్న మునిగిన ముక్క దానిదే. దాన్నెవరో మసి కలిపి నల్లగా చేశారు. అందులో వరసగా చిన్నచిన్న రంధ్రాలు, రాగితీగ కుట్లు, తీగ కింద ఆకుపచ్చ దోమల తెర.

ఆ ఆకుపచ్చని ఆవిడ ఎరుగును. కాపురానికొచ్చిన కొత్తలో వంటింటి కిటికీ నుంచి కత్తిరించిన తెర అది. ఆ కన్నంలోంచి దోమలొస్తున్నాయని భర్త నెలరోజులు సణిగాడు. ఇది ఆవిడ చేసిన మొట్టమొదటి అతుకు! ఏ ప్లాస్టికో తెలీక, ఎందుకైనా మంచిదని రంధ్రాలు పెట్టి, తీగతో కుట్టి, తెర వేసి, ఎపాక్సీ పూసింది. జిగురు ఆ ప్లాస్టిక్‌ని పట్టలేదు గానీ కుట్లు పట్టుకున్నాయి. ఇరవై రెండేళ్ళు పట్టుకున్నాయి. అతుకులమ్మకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. అంతలోనే అసలు సంగతి తట్టింది.

“ఏవండీ! ఒకసారి ఇటు రండి.”

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆకుపచ్చ తెర చూసి వచ్చిన దారినే తిరిగాడు.

“ఆగండి. అప్పుడు ఇదెవరిదని చెప్పారు నాకు?”

“ఎవరో... కస్టమర్‌ది.”

“ఏ కస్టమరు?”

“మీ అన్నయ్యే. కొత్త బండి కొన్న పదకొండోరోజు గుద్దేశాడు. నీకు తెలిస్తే మీ వదిన చెవిన పడుతుందని నాచేత ఒట్టేయించుకున్నాడు.”

“దేనికి గుద్దాడు?”

“గేటుకి.”

“ఏ గేటుకి?”

“ఆ ఇంటికి ఉన్నది ఒకటే గేటు కదే.”

అతుకులమ్మ నేలమీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఇంజన్ల మధ్య ఇరవై రెండేళ్ళు ఆ ఒట్టు మోసిన మొగుడు కూడా, బరువు దిగిపోయి, పక్కన కూర్చుని నవ్వాడు.

తర్వాత పని చకచకా సాగింది. పాత అతుకు మొత్తం ఊడబెరికి కాగితంలో పొట్లం కట్టింది. తుక్కులోంచి ఓ నల్ల బ్యాటరీ పెట్టె తీసి, దాని ముక్క కూడా తేలిందని చూసుకుని, సన్నని కడ్డీలుగా కోసింది. విరిగిన అంచుల్లో గాడి తీసి, కాల్చిన ఇనుప ఊచతో ఆ కడ్డీలు కరిగిస్తూ గాడి నింపింది. రెండువైపులా గీకి, రుద్ది, మెరుగు పెట్టింది. చివరికి చేత్తో తడిమితే అతుకెక్కడో ఆవిడకే దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళి బండికి బిగించారు. అతుకులమ్మ పొట్లం వదిన చేతిలో పెట్టి చెవిలో నాలుగు మాటలు చెప్పింది.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి వాళ్ళింకా అక్కడే ఉన్నారు. ఆయన చెప్పులైనా విప్పకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఆయన అలవాటుగా వంగి మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు.

“ఇక్కడ బొడిపె ఉండాలే?” అన్నాడు కంగారుగా.

“ఎందుకుండాలండీ?” అంది వదిన, అమాయకంగా.

అన్నయ్య నోరు తెరిచాడు. బావగారి వైపు చూశాడు. బావగారు ఆకాశంలోకి చూశాడు. వదిన పొట్లం విప్పి ఆకుపచ్చ తెర ఆయన ముక్కు కింద పెట్టింది. “నాదీ అదే గేటు. కాకపోతే నేను ఇరవై రెండేళ్ళు దాచలేదు, రెండు రోజులే.”

అన్నయ్య మొహం ఎర్రబడింది. తర్వాత మీసాల చాటున కదిలిన నవ్వు ఆపుకోలేక, జేబులోంచి తన తాళంచెవి కూడా తీసి వదిన చేతిలో పెట్టాడు. “ముందు ఆ గేటు వెడల్పు చేయిద్దాం” అన్నాడు.

వదిన బండి స్టార్టు చేసింది. అన్నయ్య జీవితంలో మొదటిసారి తన బండి మీద వెనక సీట్లో కూర్చున్నాడు. బండి గేటు దాటి, కొంచెం వంకరగానే అయినా, వీధిలోకి తిరిగింది.

“ఏమీ కనబడట్లేదే!” అని ఆయన వెనక నుంచి అరవడం అతుకులమ్మకు వినబడింది.

“అలవాటైపోతుందిలెండి!” అంది వదిన, వెనక్కి తిరగకుండా.