ఆరుద్ర పురుగు కనపడలేదు

నా చిన్నప్పుడు మా ఇల్లు తుని ఊరి చివర ఉండేది. ఇల్లు దాటితే మెట్ట చేలు, వాటి వెనక కొండలు. ఆరుద్ర కార్తెలో మంచి వాన పడితే చేలగట్ల మీద ఎర్రటి పట్టుముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు పాకేవి. పైపైన తడిసిన నేలను నమ్మకూడదనీ, తడి లోపలికి దిగితేనే ఆ పురుగు బయటికి వస్తుందనీ మా తాతయ్య అనేవారు. దాన్ని చూశాకే చోళ్ళు, అంటే రాగులు, చల్లేవారు.

నా తొమ్మిదో ఏట ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మి చూపు ఆనడం మానేసింది. పురుగును చూసిపెట్టే పని నాకు అప్పగించారు. తెల్లారగానే ఆయన చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకెళ్ళేదాన్ని. ఆ ఏడు వాన సరిగ్గా పడలేదు. ఓ జల్లు కురిసేది, వెంటనే ఎండ కాసేది. మట్టిగడ్డలు తిరగేసి వెతికేదాన్ని. చీమలు, జెర్రులు, మిడతలు అన్నీ కనపడేవి, అది తప్ప. అరికాళ్ళలో పల్లేరుకాయలు గుచ్చుకునేవి. పక్క చేలవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. రోజూ లేదు, లేదు అని చెప్పీ చెప్పీ ఆ మాటంటేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక జల్లు పడిన మర్నాడు ఆయన అడగ్గానే, రెండు కనపడ్డాయని చెప్పేశాను. తాతయ్య మొహం విప్పారింది. వంగి నేలకు అరచెయ్యి ఆనించి కాసేపు ఆలోచించారు. తరవాత నా మాటే నమ్మి విత్తనాలు తెప్పించారు.

మొలకలు వేలెడైనా ఎదగకుండానే మాడిపోయాయి. ఆ సాయంత్రం ఏడుస్తూ ఉన్నమాట చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మా మేనత్తగారి ఊరికి కబురుపెట్టి మళ్ళీ విత్తనాలు తెప్పించారు. మర్నాడు తెల్లారేసరికి అరుగు మీద కూర్చుని నా కోసం చెయ్యి చాపారు.

"నేను రాను తాతయ్యా. ఇంకెవరినైనా తీసుకెళ్ళు," అన్నాను.

"కనపడలేదని చెప్పడానికీ కళ్ళు కావాలమ్మా. అదెంత కష్టమో నీకు తెలిసొచ్చింది. పద," అన్నారు.

ఆ తరవాత ఎనిమిది రోజులు లేదనే చెప్పాను. తొమ్మిదోనాడు, రాత్రంతా వాన కురిసి వెలిశాక, ఒక పురుగును తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేలితో తాకి, మళ్ళీ నేల మీద వదిలేశారు.

ఇప్పటికీ ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, వాళ్ళు వినాలని ఆశపడే జవాబే ముందు నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, నాకు తెలియదనో నేను చూడలేదనో చెబుతాను. అలా చెప్పడం ఇన్నేళ్ళకీ నాకు చిరాకే. అయినా చెబుతాను.