క్లచ్ మీద రెండు వేళ్లు

మా అక్క ప్రతి ఉదయం, వాకిట్లో నిలబెట్టిన మోటారు సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, దాని వదులు భాగాలకి తను కట్టిన గుడ్డ పీలికల ముడులన్నీ వేలితో లాగి చూసేది. ఒక్కో ముడి దగ్గర ఆమె పెదవులు కదిలేవి. దేవుడి పేరు తలుచుకుంటోందని పక్కింట్లో ఉన్న నాకు తెలుసు. పక్క డబ్బా మూతకి ఒక ముడి, వెనక నంబరు పలకకి ఒకటి, అద్దం కాడకి ఒకటి. పొగగొట్టం దగ్గర గుడ్డ కాలిపోతుందని అక్కడ మాత్రం ఇనుప తీగ.

అక్క పెద్దాసుపత్రిలో బట్టల గదిలో పని చేసేది. చిరిగిన దుప్పట్లూ, డాక్టర్ల కోట్లూ కుట్టి బాగుచేయడం ఆమె పని. ఇక కుట్టడానికి వీల్లేని దుప్పట్లుంటే, గది పెద్దని అడిగి వాటి అంచులు పీలికలుగా చింపి తెచ్చుకునేది.

"బండికి ఇన్ని కట్లు కట్టావు, తీసుకెళ్లి వార్డులో పడుకోబెట్టరాదూ," అనేవాడు బావ.

"అడిగానండీ. మంచం ఖాళీ లేదన్నారు," అనేది అక్క, ముడి మీంచి చూపు తిప్పకుండా.

బావ అదే ఆసుపత్రిలో లిఫ్ట్ నడిపేవాడు. ఆ బండిని పెళ్లికి ముందే ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. పెట్రోలులో నూనె కలిపి పోయాల్సిన పాతకాలపు బండి. ఇంట్లో దాని పేరు పెద్దాయన. "పెద్దాయనకి నీళ్లు కొట్టారా", "పెద్దాయన ఇవాళ దగ్గుతున్నాడు", ఇలా ఉండేవి వాళ్ల మాటలు. నేను నవ్వితే బావ కోపం నటించేవాడు. "నవ్వు మరదలా, నవ్వు. నీ పెళ్లికి మగపెళ్లివాళ్లని స్టేషన్ నుంచి తెచ్చింది ఎవరనుకున్నావ్?"

ఆసుపత్రి ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏ బాధా లేదు. సందుల్లో ముప్పైలో నడిచే బండి మీద అక్క కూరగాయల సంచీ ఒళ్లో పెట్టుకుని, దారిన పోయేవాళ్లని పలకరిస్తూ వెళ్లేది. తరవాత ఆసుపత్రిని ఊరికి దూరంగా హైవే పక్కన కొత్త భవనాల్లోకి మార్చారు. వీళ్ల డ్యూటీ వేళకి అక్కడికి చేరే బస్సు ఒక్కటీ లేదు. పాత రోడ్డు ఒకటుంది గానీ, అది ఊళ్ల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. గంట ఎక్కువ పడుతుంది. "ఆ రోడ్డున పోయేది గొర్రెలూ, పింఛను పుచ్చుకునేవాళ్లూ," అని బావ కొట్టిపారేశాడు.

అలా అక్క కష్టం మొదలైంది.

హైవే మీద మెల్లగా వెళ్లడానికి లేదు. అరవైలో పోతే వెనకనుంచి లారీలు హారన్లతో తరిమేవి. ఎనభైకి ఎక్కితే పెద్దాయన వణికేవాడు. ఆ వణుకు కాళ్లు పెట్టుకునే కడ్డీల్లోంచి మోకాళ్లకి పాకి, నడుముకి పాకి, అక్క పళ్లల్లో మోగేది. అద్దంలో వెనక వచ్చే లారీ ఒకటే అయినా నాలుగుగా కనబడేది. పెద్ద బస్సు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి బండి మొత్తం ఓ జానెడు పక్కకి జరిగేది. అలా ఊపిరి బిగబట్టుకుని ముప్పావు గంట.

"ముందు కూర్చున్నవాడికి పట్టుకోవడానికి హ్యాండిలైనా ఉంటుందే," అని ఓసారి నాతో అంది. "నాకేముంది, మీ బావ చొక్కా తప్ప? ఈ పీలికల్లో ఏది ఊడినా, ఏ నట్టు జారినా, ఇద్దరం ఆ లారీల కిందకి పోతాం. రోజూ ఆసుపత్రి గేటు కనబడ్డాకే నేను బతికున్నానని నాకు నమ్మకం కుదురుతుంది."

గదిలోకి వెళ్లి కూర్చున్నాక కూడా ఆమె వేళ్లు వణుకుతూనే ఉండేవి. సూదిలో దారం ఎక్కేది కాదు. పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ముసలావిడ అది ఎప్పుడు గమనించిందో గానీ, ఒకరోజు అక్క వెళ్లేసరికి ఆమె సూదుల మెత్తకి నాలుగు సూదులు గుచ్చి ఉన్నాయి. నాలుగింటిలోనూ దారం ఎక్కించి ఉంది. ఆ రోజునుంచీ రోజూ అంతే. ఆవిడ ఏమీ అడగలేదు. ప్రార్థనలో మీ ఇంటివాళ్ల తరవాత ఎవరి పేరు చెప్పుకుంటావని నేనడిగితే, అక్క ఆ ఇస్త్రీ ముసలావిడ పేరే చెప్పింది.

"బావతో చెప్పరాదూ?" అన్నాను.

"ఎలా చెప్పను? సాయంత్రం బండి తుడుస్తూ, ఆ కొత్త బళ్ల పక్కన మన పెద్దాయన ఎలా పరిగెత్తాడో చూశావా అని మురిసిపోతుంటే? ఆయనకి భయమన్నదే లేదు. నడిపేటప్పుడు ఆ ఎడమచేతి సోకు చూశావా? అంత వేగంలో హ్యాండిల్ సరిగ్గా పట్టుకోకుండా, రెండు వేళ్లు క్లచ్ మీద ఊరికే ఆనించి, సినిమాలో హీరోలాగా. ఇక్కడ నా ప్రాణం పోతుంటే ఆయనకి సోకులు."

ఆ రెండు వేళ్లనీ అక్క రోజూ బావ భుజం మీదుగా చూసేది. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఆ ఉదయం గాలి ఎక్కువగా ఉంది. సగం దారిలో పెద్ద ఎక్కుడు ఒకటుంది. బావ ఎప్పటిలాగే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఎక్కించాడు. పైకి చేరేసరికి అక్క కాలికి తగిలే వేడి మామూలుగా లేదు. అప్పుడే వెనక ఒక లారీ హారన్ అందుకుంది. వదలడం లేదు. కొట్టి, ఆగి, మళ్లీ కొడుతోంది. గాలికి అద్దం కాడ తిరిగిపోయి అందులో ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. తల తిప్పి చూసే ధైర్యం లేదు. ముందు నున్నటి పొడవాటి దిగుడు. బండి ఎనభై దాటింది. లారీ మీదకి వచ్చేసిందనుకుంది అక్క. అన్నేళ్లలో మొదటిసారి ఆమె నోరు విప్పి, బావ చెవి దగ్గర హెల్మెట్‌కి మొహం ఆనించి అరిచింది.

"మెల్లగా పోనివ్వండి."

బావ వెంటనే యాక్సిలరేటర్ మూసేశాడు.

రెండు క్షణాలు దిగుడులో బండి దానంతటదే జారింది. తరవాత కింద ఏదో బిగుసుకుంది. వెనక చక్రం తిరగడం మానేసి రోడ్డుని గీసింది. ఆ చప్పుడు అక్క ఇప్పటికీ నిద్రలో వింటుంది. బండి తోక కుడికి కొట్టింది, ఎడమకి కొట్టింది. దేవుడి పేరు కూడా నోటికి రాలేదని తరవాత నాతో చెప్పి బాధపడింది. అంతలో ఆ చప్పుడు ఆగిపోయింది. చక్రం మళ్లీ తిరిగింది. ఇంజను చప్పుడే లేకుండా, గాలి చప్పుడొక్కటే వింటూ, పెద్దాయన నెమ్మదిగా రోడ్డు పక్కకి జారి నిలబడ్డాడు.

అక్క దిగి అక్కడే కూలబడింది. లారీ వచ్చి వాళ్ల వెనకే, రోడ్డుకి అడ్డంగా నిలిచింది. పెద్ద పొట్ట డ్రైవరు సీసాతో దిగాడు.

"ముందు నీళ్లు తాగమ్మా. మీ వెనక ఎవరూ రాకుండా బండి అడ్డం పెట్టాను. ఎంతసేపటినుంచి హారన్ కొడుతున్నా వినరేం? పక్క డబ్బానుంచి ఆ గుడ్డ పీలిక ఊడి చక్రం దగ్గర వేలాడుతోంది. గొలుసులో పడితే ఏం కాను?"

అక్క చూసింది. ఆ పొద్దున తను వేలితో లాగి చూసిన ముడే. ఆ లారీ ఆయన తమని తరుముతున్నాడనుకుంది. పాపం, చెప్పడానికే వెంట వచ్చాడు. డ్రైవరు పీలికని విప్పి, మడిచి ఆమె చేతిలో పెట్టి, ఎర్ర గుడ్డ ఊపుతూ వెనక వచ్చే బళ్లని పక్కకి పంపడానికి వెళ్లాడు.

"నా వల్లే," అంది అక్క. "నేను అరవకపోతే..."

బావ రోడ్డంచున ఆమె పక్కన కూర్చున్నాడు. "నీ వల్ల కాదు. దీనికి నూనె పెట్రోలుతోనే పోతుంది. అంత వేడి మీద ఎక్కి, దిగుడులో యాక్సిలరేటర్ మూస్తే ఇంజనుకి నూనె అందదు, బిగుసుకుంటుంది. ఆ సంగతి బండి కొన్నరోజే మెకానిక్ చెప్పాడు. నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు మూశారు?"

ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. "హారన్ వినగానే నాకూ మూసేయాలనే అనిపించింది. నువ్వు అన్నావు, సాకు దొరికింది."

అక్క ఆయన ఎడమచేతి వైపు చూసింది. మోకాలి మీద ఉన్న ఆ చేతిలో రెండు వేళ్లు ఇంకా వంగే ఉన్నాయి, క్లచ్ మీద ఉన్నట్టే.

"బిగుసుకున్నప్పుడు క్లచ్ లాగితే చక్రం విడుదలవుతుంది," అన్నాడు బావ. "క్షణం ఆలస్యమైతే పడిపోతాం. అందుకని హైవే ఎక్కిన రోజునుంచీ వేళ్లు తీయలేదు. సాయంత్రానికి ఈ రెండూ తిన్నగా రావు. లిఫ్ట్‌లో మీట కుడిచేత్తోనే నొక్కుతాను. అవతల అందరితోనూ పెద్దాయన గురించి అన్ని గొప్పలు చెప్పుకుని, ఇప్పుడు భయమని ఎలా చెప్పను?"

ఆ రోజు వాళ్లని నిలబెట్టింది దేవుడేనని అక్క నమ్మకం. నాదీ అదే. ఆయన ఆ పని ఆ రెండు వేళ్ల చేత చేయించాడు.

ఇంజను చల్లారింది. బావ లేచి కిక్ కొట్టాడు. నాలుగోసారికి పెద్దాయన దగ్గి, పొగ వదిలి, లేచాడు. డ్రైవరు దూరంనుంచే చెయ్యెత్తాడు. అక్క ఆ పీలికని మళ్లీ పక్క డబ్బాకి కట్టింది, ఈసారి రెండు ముడులు వేసి. తరవాత బావ ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ రెండు వేళ్లనీ మెల్లగా చాపుతూ అంది.

"ఒక్క సాయం చేసిపెట్టండి. రేపటినుంచి పాత రోడ్డున పోదాం. గంట ముందు లేచి వంట సంగతి నేను చూసుకుంటాను. లిఫ్ట్ దగ్గర ఎవరైనా అడిగితే, మా ఆవిడకి భయం అని చెప్పండి."