మూడు ఊళ్లు తిరిగిన ఉక్కు గొట్టం

ఆ ఉదయం ప్రయోగశాల తలుపు తీసేసరికి, యంత్రం కింద వాడేసిన ద్రావకం పట్టే సీసా మూతికి సాలీడు గూడు కట్టి ఉంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి జనగామలో మా కాలేజీ నడవడం లేదు. గూడు తుడవాలా వద్దా అని చూస్తుండగా అటెండర్ అన్న వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"మేడం పోయిందంట బిడ్డా. మానుకోట దవాఖానల. జెరం జెరమంటనే ఉండె."

మీలో కొందరికి ఆమె తెలిసే ఉంటారు. మేడం మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. కొడకండ్ల దగ్గరి తండాలో పుట్టారు. ఇంట్లో లంబాడీ, క్లాసులో తెలుగు, అవసరమైతే ఇంగ్లీషు. ఎక్కడా తడబడేవారు కాదు. నేను కాన్వెంటులో చదువుకున్నాను. నాకు వచ్చిన రెండు భాషల్లోనూ నలుగురి ముందు నోరు పెగలదు.

కొన్ని మందుల అణువులు ఎడమచేయి, కుడిచేయిలా రెండు రూపాల్లో ఉంటాయి. ఒకటి రోగం తగ్గిస్తే రెండోది ఊరికే ఉండవచ్చు, హాని కూడా చేయవచ్చు. వాటిని విడదీయడం ఒకప్పుడు చాలా కష్టం. ఇప్పుడు జానెడు ఉక్కు గొట్టంలోంచి మందు ద్రావణాన్ని పంపితే, లోపలి పొడి ఒక రూపాన్ని కాసేపు ఎక్కువగా పట్టుకుంటుంది, రెండోది ముందే బయటికి వచ్చేస్తుంది. ఆ గొట్టాన్నే కాలమ్ అంటారు, ఇలా విడదీయడాన్ని క్రోమటోగ్రఫీ అంటారు. పొడికి పూసిన పూత పత్తిలో ఉండే సెల్యులోజ్ నుంచి తయారవుతుంది. "బచ్చన్నపేట పత్తే గిట్ల తిరిగొచ్చిందనుకోండ్రి" అనేవారు మేడం.

మా ప్రాంతంలో క్రోమటోగ్రఫీ సంఘం పనులు ఆమే చూసేవారు. కాలమ్ బిగించే యంత్రాలు జనగామ, మానుకోట, భూపాలపల్లి కాలేజీల్లో ఉన్నాయి. కాలమ్ మాత్రం ఒక్కటే, సంఘానిది. అది మూడు ఊళ్లూ తిరిగేది. వంతు అయిపోయినవాళ్లు దాన్ని కడిగి, ఎండిపోకుండా ద్రావకం నింపి, రెండు చివరలా బిరడాలు బిగించి, లోపల ఏముందో రాసిన చీటీ దారంతో కట్టి ఇవ్వాలి. మేడం దాన్ని తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు.

"ఏంది మేడం, పసిపిల్లనా?" అని కండక్టర్ అడిగేవాడు.

"పసిపిల్లకు టికెట్ లేదు గదనే. ఊకో."

మందు గొట్టం దాటి బయటికి వచ్చినట్టు గ్రాఫు మీద గీత పైకి లేచేదాకా ఆమె కూర్చునేవారు కాదు. నేను కంగారు పడితే, "వస్తది. రానియ్యి" అనేవారు. క్లాసులో నా పేరు పిలిస్తే, గొంతు రాక నేను నిలబడిపోయినప్పుడూ అదే మాట.

ఒకసారి ఉద్యమంలో రోడ్డు మీదే వండి తినే వంటావార్పు పెట్టినప్పుడు మేడం ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నారు. పక్కనున్న అవ్వ, నువ్వు కాలేజీల ఏం పని జేస్తవు బిడ్డా అని అడిగింది. టెంటు ముందు చెప్పుల కుప్ప చూపించారు మేడం.

"గా కుప్పల ఎడమయి ఒకదిక్కు, కుడియి ఒకదిక్కు ఏరుత అవ్వా. నావి కండ్లకు కనబడయి, గంతే."

"గంత సదువు సదివింది చెప్పులు ఏరనీకా?" అంది అవ్వ. అందరికంటే గట్టిగా మేడమే నవ్వారు.

బందుల రోజుల్లో లారీలు రాక, ద్రావకంలో మేము కలిపే ఆల్కహాలు అయిపోయింది. మేడం దాని బదులు వేరే ఆల్కహాలు పోశారు. రెండు రూపాలు మునుపటికన్నా బాగా విడిపోయాయి. సంఘం పత్రికలో ఆ పద్ధతి అచ్చయింది. ఇటువంటి పనిలో ఒక నియమం ఉంది. ద్రావకం మారిస్తే ఒక్క రూపాన్నే విడిగా పంపి, అది ముందు వస్తుందో వెనక వస్తుందో మళ్లీ చూడాలి. మాకు నేర్పింది ఆమే. ఆ ఒక్కసారి చూడలేదు.

తరువాత నేను ప్రాక్టికల్ పాఠం కోసం అదే కొత్త ద్రావకంతో ఎడమ రూపం ఒక్కటే పంపాను. ముందు రావలసింది వెనక వచ్చింది. గురువు తప్పును గురువుకు ఎలా చూపిస్తారో నాకు తెలియదు. చివరికి గ్రాఫు కాగితం ఆమె బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను.

మేడం చూశారు. మళ్లీ పంపించి చూశారు. "మనం ఎడమదాన్ని పట్టుకొని కుడిదంటిమి" అన్నారు.

"ఎవరికెరుక మేడం, ఊకోండ్రి. చెప్తే సంఘపోళ్లు కాలమ్ గుంజుకపోతరు" అన్నాడు అటెండర్ అన్న.

"పత్రిక చూసి భూపాలపల్లిల పిల్లలు గదే చేస్తున్నరు. అండ్ల ఘనపూర్ నుంచొచ్చే పిల్ల ప్రాజెక్టంత తప్పయితది."

సంఘం సమావేశంలో ఆమె లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ముందు వరుసలోని పెద్దమనిషి పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "అందుకేనండి నేను మొదట్నుంచీ చెప్తున్నాను, కాలమ్‌ని పల్లె బస్సుల్లో తిప్పకూడదని."

"బస్సుల తిరిగినందుకు తప్పు రాలేదు సార్. నేను సోయిదప్పి, చూసుకోక చేసినందుకొచ్చింది. పట్టింది గీ పిల్ల. లేచి నిలబడు బిడ్డా."

సగం లేచాను. ఎలా కనిపెట్టావమ్మా అని ఎవరో అడిగారు. జవాబు నాలుక మీదే ఉంది. మేడం నా వైపు చూస్తూ ఆగారు. నేను కూర్చుండిపోయాను. ఆమె తలవంచుకుని నిలబడి ఉంటే చప్పట్లు నాకు పడ్డాయి. అవి ఇప్పటికీ నా చెవుల్లో వేడిగా ఉన్నాయి. కాలమ్ మా ఊళ్లకు ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అన్నది వచ్చే సమావేశంలో తేలుస్తామన్నారు.

మేడం పోయారన్న కబురు విన్నాక, తండాకు అటెండర్ అన్న బండి మీద వెళ్లాం. రోడ్లకు అడ్డంగా బండలు ఉంటే చేన్ల పక్క దారి పట్టాం. మేడం తల్లి నన్ను చూసి, ఎవరని అటెండర్ అన్నను అడిగింది. అతను చెప్పాడు.

"నువ్వేనా గా మూగపిల్ల? మా బిడ్డ చెప్పేటిది. జనగామల ఒక పిల్లున్నది యాడీ, అంటే అమ్మా, ఏడాదికోపారి నోరు తెరుస్తది, తెరిస్తే నా తప్పే పడతది అని. చెప్పుకుంట నవ్వేటిది."

నాకు తల ఎత్తడం చేతకాలేదు. ఆమె నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. "తాగు. ఎండల పడి వొచ్చినవు."

ఆడవాళ్లు ఏడుస్తూ లంబాడీలో ఆమె గురించి ఏమేమో చెప్పుకున్నారు. నాకు ఒక్క మాటా అందలేదు. ఇన్నేళ్లూ ఆమె అంతా నా భాషలోనే చెప్పారు. ఆమె భాషలో దేన్ని ఏమంటారని నేను ఒక్కసారీ అడగలేదు.

సంఘం సమావేశం వచ్చే ఆదివారం. కాలమ్ గురించి మూడు ఊళ్ల తరఫున మాట్లాడేది ఎవరని వాళ్లు అడిగారు. నేను నా పేరు ఇచ్చాను.