బాపు బాలింతైన రోజులు

మా బాపు ఒకసారి బాలింతగా ఉన్నాడు. ఈ మాట అంటే మా మనవరాళ్లు నా మతి చెడిందేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ. భువనగిరి దగ్గర మా సాలెవాడలో ఆనాటివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే అడగమనండి. కాదన్నవాళ్ల చెవి నేనే మెలిపెడతాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బాపు చీరల మూట భుజాన వేసుకుని రైలెక్కి పట్నం పోయాడు. ఆయన అటు పోగానే ఇటు అమ్మకు నొప్పులొచ్చి తమ్ముడు పుట్టాడు. తిరిగి వచ్చేసరికి అమ్మ లోపలి గదిలో పురిటి మంచం మీద ఉంది. బాపు ఇంకా వాకిట్లో ఉండగానే అవ్వ, అంటే బాపు తల్లి, ఎదురుపోయి కొడుకు పుట్టాడని చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. గడప మీద ఒక కాలు కూడా వేశాడు. అంతలోనే నిప్పు తొక్కినట్టు వెనక్కి తీశాడు.

"నన్ను లోపటికి రానియ్యకవ్వా. సరాయిల నా పక్కన పండుకున్నాయిన దగ్గు జరమొచ్చి సచ్చిపోయిండు. ఇద్దరం ఒక్క గొంగట్లనే పన్నం."

దవాఖాన నుంచి డాక్టరు వచ్చి, బాపు దిగిన ఆ సరాయిలో, అంటే సత్రంలో, ఉన్నవాళ్లందరినీ వరసగా నిలబెట్టాడట. ఇప్పుడు బాగానే ఉన్నామని మురిసిపోవద్దు, జ్వరం తర్వాతైనా బయటపడొచ్చు, కొన్నాళ్లు ఇంట్లోవాళ్లకు దూరంగా ఉండండి అన్నాడట. పెద్దజ్వరం మళ్లీ వచ్చిందని పట్నమంతా గుసగుసలట.

పెద్దజ్వరం అంటే నేను పుట్టకముందు ఇళ్లకిళ్లు ఊడ్చుకుపోయిన జ్వరం. పురిటికి వచ్చిన అవ్వ కూతురూ, ఆమె చంటిబిడ్డా అందులోనే పోయారు. దాని గురించి అవ్వ ఎప్పుడూ ఒక్క ముక్కే చెప్పేది, అది ముందుగా బాలింతలనే పట్టుకుపోతుందని. ఇప్పుడు మా ఇంట్లో ఒక బాలింత ఉంది, కళ్లు తెరవని పసికందు ఉన్నాడు.

మనిషిని దూరంగా పెట్టమని డాక్టరు చెప్పాడు సరే, ఎలా పెట్టాలో చెప్పలేదు. మా అవ్వకు తెలిసిన పద్ధతి ఒక్కటే, పురుడు. అందుకని బాపుకు పురుడు పెట్టింది.

మగ్గం గది ఖాళీ చేయించి మంచం వేయించింది. మంచం కింద కుంపటి, దిండు కింద కొడవలి. గడపలో వేపమండలు, పక్కనే పాత చీపురూ తెగిన చెప్పూ. బాపును తనంతట తనే చెవుల్లో దూది పెట్టుకుని తలకు గుడ్డ కట్టుకోమంది. తాగడానికి వేడినీళ్లు, పొద్దున్నే బాలింతలకిచ్చే కాయం మందు ముద్ద, మధ్యాహ్నం పాతబియ్యం అన్నంలో ఎల్లిపాయ కారం. తినే పళ్లెం వేరు, చెంబు వేరు. అన్నం గడపలో పెట్టి మేం దూరం జరిగాకే ఆయన తీసుకోవాలి. ఆ పళ్లెం బూడిదతో తోమి, సలసల కాగే నీళ్లలో ముంచితే తప్ప అవ్వకు తృప్తి లేదు.

తాను మగవాడినని బాపు ఒకసారి గుర్తుచేయబోయాడు. బాలింత అంతగా మాట్లాడితే గాలి సోకుతుందని అవ్వ నోరు మూయించింది. పక్కనే మగ్గం ఉందిగదా, కూర్చుని నాలుగు మూరలు నేస్తానన్నాడు. ఏ బాలింతైనా మగ్గం గుంటలో కాళ్లు పెడుతుందా అని కసిరింది. పాపం, మీసాలున్న మనిషి తలగుడ్డతో గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

ఊరికి ఇంతకంటే పండగేం కావాలి? ఇద్దరు బాలింతలున్న ఇంట్లో తనకు రెండు చీరలు రావాలని మంత్రసాని పేచీ పెట్టింది. ఆమెను మగ్గం గది ఛాయలకు కూడా రానివ్వకుండానే, రెండో చీరకు అవ్వ ఒప్పుకుంది. బాపు స్నేహితులు బీడీలు కాల్చుకుంటూ చూడవచ్చారు. గడపలో చీపురూ చెప్పూ చూసి ఆగిపోయారు. పురిటి గదిలోకి మగవాళ్లు అడుగు పెట్టరు గదా, వీధిలోంచే నవ్వి వెళ్లిపోయారు. బావి దగ్గర ఒకావిడ మీ బాపుకు పాలు పడ్డాయా అని నన్నడిగింది. చేదతో నీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించి వచ్చాను. ఇప్పటికీ అందుకు నాకు విచారం లేదు.

అప్పుడు జ్వరం బయటపడింది. బాపు దగ్గు గోడలు దాటి వినిపించేది. నాకు భయమేసింది. అవ్వ మగ్గం గది కిటికీకి ఎడంగా చూరుకింద చాప వేసుకుని, వేడినీళ్లు తాగమని చెబుతూ అక్కడే కూర్చుండిపోయింది. రెండు గదులకూ మధ్య ఒక్క మట్టిగోడే. ఇటునుంచి అమ్మ కాయం మింగినవా అని గట్టిగా అడిగేది. మింగిన, నువ్వు మింగినవా అని అటునుంచి ఈయన. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

నాకు అవ్వ మీద కోపమూ వచ్చింది. జ్వరమని నిజం చెబితే ఈ నవ్వులన్నా ఆగుతాయి గదా, నేనే పోయి చెప్పేస్తానని లేచాను. అవ్వ నా రెక్క పట్టుకుని కూలేసింది.

"జరమంటే ఊరంతా చూడొస్తది. మంచమ్మీద కూసుంటది, పిలగాన్ని ఎత్తుకుంటది. నా బిడ్డకు జరమొచ్చిందంటే గట్లనే ఒచ్చిన్రు. అందరు మంచోళ్లే. నవ్వనియ్యి, నవ్వితే నవ్విన్రు."

ఆ తర్వాత బావి దగ్గర ఎవరేమన్నా నేను నోరెత్తలేదు. పాలు బాగానే పడ్డాయని కూడా ఒకసారి చెప్పాను.

బాపుకు జ్వరం తగ్గింది. తగ్గాక కూడా అవ్వ ఆయన్ను చాలా రోజులు కదలనివ్వలేదు. చివరికి పురిటి స్నానాలు ఒకే రోజు పెట్టింది. ముందు అమ్మ, తర్వాత బాపు. గడ్డం పెరిగి, చిక్కి సగమై, తడి తలతో ఆయన వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ తమ్ముణ్ణి తెచ్చి ఇవ్వబోయింది. గోడ అవతల నుంచి ఇన్నాళ్లూ ఏడుపే విన్న మనిషి, తీరా బిడ్డ ఎదురుగా వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంకొన్నొద్దులు ఆగుదమా అవ్వా?"

అవ్వ అమ్మ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని బాపు చేతులు ముందుకు లాగి వాటిలో పెట్టింది. పెట్టి, ఆ వాకిట్లోనే కూలబడి తన కూతురి పేరు పిలుస్తూ ఏడ్చింది. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.