ఆకుపచ్చగానే ఉన్న చప్టా

మా పక్కింటి సనోబర్ ఫోన్లలో, ట్యాబుల్లో పనిచేసే మ్యాపులు తయారు చేస్తుంది. మ్యాపంటే బళ్లో గోడకు వేలాడేదేనని నేననుకునేదాన్ని. అందుకే ఆస్ట్రేలియాలో కొండ మీదున్న ఈ టూవూంబా ఊళ్లో వాళ్లు మా పక్కన దిగిన కొత్తలోనే కంచె మీదుగా అడిగేశాను, "రోడ్లన్నీ వేసే ఉన్నాయి కదమ్మా, నువ్వు కొత్తగా గీసేదేముంది?" అని.

"రోడ్డు గీసేది కాదాంటీ, ఆ రోడ్డు ఈ పొద్దు ఎట్లుందో చెప్పేది," అంది. నంద్యాల పిల్ల. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా ఆ యాస పోలేదు.

భర్త ఆకిబ్ నర్సు. కారేసుకుని కొండ దిగువ పల్లెలకు పోయి, ఇళ్ల దగ్గరే ముసలివాళ్లకు కట్లు కడతాడు, సూదులేస్తాడు. గట్టిగా నాలుగు వానలు పడితే అక్కడి వాగులు చప్టాల మీదుగా పారతాయి. ఏది మునిగిందో తెలియక నర్సులు సగం దారిలోంచి వెనక్కి వస్తుంటే, వాళ్ల సంస్థ కోసం సనోబరే యాప్ చేసిపెట్టింది. ట్యాబ్‌లో చప్టా ఆకుపచ్చగా ఉంటే పోవచ్చు, ఎర్రగా ఉంటే ఆగాలి. నర్సులు ఎక్కడెక్కడున్నారో ఈమె కంప్యూటర్లో నీలం చుక్కలుగా కనిపిస్తారు. ఆకిబ్ చుక్కేదో చూపించమని ఎప్పుడూ సతాయిస్తుంటాను.

మొన్న ఫిబ్రవరిలో ఒకనాటి మధ్యాహ్నం కుండపోత. మిరపకాయ బజ్జీలు వేసి పట్టుకెళ్లాను. సనోబర్ తెరకు ముఖం ఆనించినట్టు కూర్చుని ఉంది. తెర మీద ఒక చప్టా అప్పుడే ఎర్రబడింది. దానికి కాస్త ఇవతల ఆకిబ్ చుక్క, కదలకుండా.

"చూశావా, ఎర్రగా కనబడగానే ఆగిపోయాడు. బుద్ధిమంతుడు," అన్నాను.

"ఆగినాడో, సిగ్నలే పోయిందో తెలీదాంటీ. సిగ్నల్ పోతే చుక్క ఆడనే ఉండిపోతది."

"పోతే పోనీ. అతని ట్యాబ్‌లో ఎర్రగా కనిపిస్తుందిగా?"

"లేదాంటీ. సిగ్నల్ పోకముందు ఏ రంగుందో ఆయనకు అదే కనపడతా ఉంటది. ఆకుపచ్చే."

మొదట్లో అలా చేయలేదట. సిగ్నల్ పోగానే మ్యాపంతా బూడిదరంగులోకి మారేదట. నర్సులు విసుక్కున్నారు. అందరికంటే ఎక్కువ విసుక్కున్నది ఆకిబే. "కొండ దిగితే చాలు, నీ మ్యాపుకు జ్వరమొస్తాది" అని ఇంట్లో ఒకటే ఎగతాళి. పోరు పడలేక, చివరగా వచ్చిన రంగే నిలిచిపోయేలా మార్చేసింది.

ఆకిబ్‌కు ఫోన్ చేస్తే మోగనే లేదు. వాళ్ల ఆఫీసుకు చేస్తే, మేమూ పట్టుకోలేకపోతున్నాం అన్నారు. సనోబర్ కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"నువ్వూ పోతే నేను రెండు చుక్కల కోసం ఏడవాలి. కూర్చో. ఎవరింటికి బయల్దేరాడో అది చెప్పు."

చప్టా దాటితే డెస్మండ్ అనే రైతు ఇల్లు. కాలి పుండుకు కట్టు మార్చాలి. ఆఫీసు వాళ్లనడిగి ఆ ఇంటి ఫోన్ కలిపింది. తీగ ఫోన్ కాబట్టి మోగింది. ఆయన భార్య నోరీన్ ఎత్తింది. నాకూ వినబడేలా పెట్టింది సనోబర్.

"మీ ఆయన ఇంకా రాలేదు తల్లీ."

రాలేదంటే ఇవతలి గట్టునైనా ఉండాలి, లేదంటే నీళ్లలో ఉండాలి. ఆ రెండో మాట మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. నోరీన్ కూడా అనలేదు. "బండి తీసుకుపోయి చూసొస్తా" అని పెట్టేసింది.

సనోబర్ పెదవులు కదుపుతూ దువా చేసుకుంటోంది. నేను చుక్కను కళ్లార్పకుండా చూస్తున్నాను, చూపుతోనే వెనక్కి తోసేద్దామన్నట్టు. అది ఇసుమంత కదల్లేదు.

ఫోన్ మోగింది. నోరీనే. ఆకిబ్ కారు ముందు చక్రాలు అప్పటికే నీళ్లలో దిగాయట. అవతలి గట్టు నుంచి ఈమె హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తే, తలెత్తి చూసి కారు వెనక్కి తీశాడట. "వెనక్కి పోయేదాకా చూసే వచ్చాను" అంది. సనోబర్ ఫోన్ నా వైపు చాచి, మళ్లీ తెర మీదికి వంగింది. నేనే ఫోన్ అందుకుని నా వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పాను.

కాసేపటికి చుక్క ఒక్క గెంతు గెంతి కొండ మీద తేలింది.

ఇంటికొచ్చిన ఆకిబ్‌ను నేనే ముందు దులిపాను. "నీళ్లు కళ్లకు కనబళ్లేదుటయ్యా?"

"కనపడినాయాంటీ. చానాసేపు ఆగి చూసినా, పల్చగానే ఉన్నాయనుకున్నా. మ్యాప్ ఆకుపచ్చ చూపిస్తాంది, సనా చేసింది గదా అని దింపినా."

సనోబర్ చల్లారిన బజ్జీల పళ్లెం అతని ముందుకు జరిపి, వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. సిగ్నల్ పోతే మళ్లీ అంతా బూడిదరంగే. చివరిసారి కబురు ఎప్పుడందిందో కూడా తెర మీద పెద్దగా పడేలా చేసింది. నర్సులు మళ్లీ గొణిగారు. ఈసారి సనోబర్ వినలేదు.

ఆకిబ్ మాత్రం గొణగలేదు. వాన రోజుల్లో కొండ దిగే ముందే ఆగి, నోరీన్‌కు ఫోన్ చేసి చప్టా చూసి చెప్పమంటాడు. ఇప్పుడు సిగ్నల్ పోతే చుక్క కూడా పాలిపోతుంది. ఎందుకు పాలిపోయిందో నాకు తెలుసు. అయినా అది మళ్లీ నీలంగా వచ్చేదాకా సనోబర్ కుర్చీలోంచి లేవదు, నేనూ మా ఇంటికి రాను.