పసుపు ముఖాల కన్నీళ్లు

సుబ్బక్కకు ఫోన్ వాడడం రాదు. ఫోన్ మీద అభిప్రాయాలు మాత్రం దండిగా ఉన్నాయి. మేకలను కట్టేసి వచ్చి, హోసూరు దగ్గర ఉద్దనపల్లి బస్టాపులో రాజప్ప టీ కొట్టు బల్ల మీద కూర్చుందంటే చాలు, ఆ అభిప్రాయాలు ఒకటొకటిగా బయటికి వచ్చేవి.

"అప్‌డేట్ అంటే ఏమనుకుంటివి రాజప్పా? కొత్త కోడలు వంటిల్లు సర్దినట్ల. అన్నీ ఉంటాయి, ఏది యాడుండాదో మనకు దొరకదు. అడిగితే, 'ఇట్లనే బాగుండాది అత్తా' అంటుంది."

దారి చూపించే మ్యాపు మీద మాత్రం ఆమెకు గౌరవం. "ఆ దారి చెప్పే ఆడమనిషి ఎవురి కూతురో గానీ బో ఓర్పుగల్ల తల్లి. మావాడు ఎన్నిసార్లు తప్పుదారి తొక్కినా గొంతు పెంచదు. అట్లాంటిది మా ఇంటికి కోడలుగా రావాల్సింది."

ఈ మాట అనేటప్పుడు అసలు కోడలు నళిని పక్కనే నిలబడి టీ ఊదుకుంటూ ఉండేది. "ఆ యమ్మ మేకలకు ఆకు కోసుకు రాదు అత్తా" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. బయటి మనుషులు చూస్తే పోట్లాడుతున్నారనుకునేవారు.

రాజప్ప కూడా తక్కువవాడు కాదు. గ్లాసులు కడుగుతూనే లోకజ్ఞానం చెప్పేవాడు. "ఇంగ కొన్నాళ్లు పోతే అన్ని పనులూ ఏఐ చేస్తుందంట అక్కా. నీ పని కూడా పోతుంది చూడు."

"నా పనా! సచ్చినోడు బీడీకి అగ్గిపెట్టె ఎవురింట్లో అడిగేవాడో దానికి తెలుసునా? అది తెలీకుండా ఎట్ల ఏడుస్తుందప్పా?"

సుబ్బక్క పని ఏడవడం. కూలికి కాదు, బంధుత్వానికి. ఆ చుట్టుపక్కల మేకలూ గొర్రెలూ మేపుకునే ఇళ్లలో ఎవరైనా పోతే, ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. వాళ్లలో ఒకామె ఏడుపు ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. తమిళం వాళ్లు దాన్ని ఒప్పారి అంటారు. ఎత్తుకునే మనిషికి గొంతు ఒక్కటే ఉంటే సరిపోదు. పోయిన మనిషి గుట్టూ మట్టూ తెలిసి ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పిసినారిని ధర్మప్రభువు అని ఏడిస్తే ఆ ఏడుపు చెల్లదు. అందుకే సుబ్బక్క ఏడుస్తుంటే జనం నడుమ నడుమ కళ్లు తుడుచుకుంటూ కిసుక్కున నవ్వేవాళ్లు కూడా. దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మనిషి ఎట్లా ఉండేవాడో చివరిసారి కళ్ల ముందుకు వచ్చినప్పుడు అట్లాగే ఉంటుంది మరి.

ఆమెకు ప్రాణస్నేహితురాలు అంగాళమ్మ. పక్క వీధే. వరసకు వదిన. ఒకసారి టొమాటోలు కోస్తూ కోస్తూ అంగాళమ్మ ఉన్నట్టుండి నడుం పట్టుకుని నిలబడి, "సుబ్బీ, నేను పోతే నువ్వే ఎత్తుకోవాల. ఇంగెవురు ఏడ్చినా నేను లేచి కూర్చుంటా. కానీ నా నడుం లావు గురించి మాత్రం చెప్పొద్దు" అంది.

"నీకు నడుమేడుండాది వదినా, నేను చెప్పేదానికి?"

అంగాళమ్మ చేతిలోని పండిన టొమాటో విసిరింది. అది సుబ్బక్క వీపు మీద చిట్లింది. నవ్వుతూనే సుబ్బక్క సరేనని మాటిచ్చింది.

ముందు పోయినవాడు అంగాళమ్మ మొగుడు శ్రీరామప్ప. ఆ ఏడు వేసవిలో టొమాటోకు ధర లేక, రాయకోట మండీ నుంచి తిరిగి వస్తూ బాక్సులు బాక్సులు రోడ్డు పక్కన పోసి వచ్చాడు. మళ్లీ అప్పు చేసి నాటు వేశాడు. ఈసారి ధర ఎక్కింది. తొలి కోతకు బండి మాట్లాడి పెట్టుకుని, తెల్లవారుజామున గుండె పట్టుకుని కూలిపోయాడు.

సుబ్బక్క ఎత్తుకుంది.

"రేటు లేనప్పుడు రోడ్డున పోస్తివే అన్నా, రేటొచ్చిన పొద్దు నువ్వే పోతివే అన్నా!"

ఆ మాటకు ఇంట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆ గొల్లుమనడంలోనే ఒక నవ్వు కూడా దూరి ఉంది. శవం తల దగ్గర కూర్చున్న అంగాళమ్మ కూడా నుదురు కొట్టుకుంటూనే ఒక్క క్షణం నవ్వి, ఆ నవ్వుకు ఇంకా పెద్దగా ఏడ్చింది.

అప్పుడు యతీశ్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. యతీశ్ సుబ్బక్క కొడుకు. సూళగిరిలో కంపెనీ ఉద్యోగం. అమ్మ గొంతు దాచిపెట్టుకోవాలనే తీశాడు పాపం. కానీ ఫోన్‌లో ఉన్న వీడియో ఫోన్‌లోనే ఉంటే మనిషికి నిద్రపట్టదు కదా, మర్నాడు తన పేజీలో పెట్టాడు.

అది జనానికి పట్టుకుంది. హోసూరు దాటింది, బెంగళూరు దాటింది. తెలుగు రానివాళ్లు కూడా చూశారు. వారం తిరగకుండానే యతీశ్ పరుగున వచ్చి, "అమ్మా, లచ్చల మంది చూసినారు నిన్ను!" అన్నాడు.

సుబ్బక్క మొదట నమ్మలేదు. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసింది. వీడియో కింద చదవలేని రాతలు, వాటి పక్కన వరసగా గుండ్రటి పసుపు ముఖాలు. ప్రతి ముఖానికీ రెండు కళ్ల నుంచీ ధారగా నీళ్లు.

"అయ్యో తల్లీ! ఎంతమంది ఏడుస్తా ఉండారే! పసుపు పూసుకొని మరీ కూర్చున్నట్ల ఉండారు. ఎవురమ్మా వీళ్లంతా? మా శ్రీరామప్పన్న వీళ్లకు తెలుసునా?"

యతీశ్ నోరు తెరిచాడు. నళిని అతని కాలు తొక్కింది. అతను మూసుకున్నాడు.

"తెలీకపోయినా ఏడుస్తా ఉండారు అత్తా" అంది నళిని. ఆమె ప్లస్ టూ దాకా చదివింది. అత్త రోజూ సాయంత్రం ఫోన్ తెచ్చి రాతలు చదవమనేది. నళిని అక్కడ ఉన్నది చదవకుండా తనకు తోచింది చదివేది. "'మీ గొంతు విని మా అవ్వ గుర్తొచ్చింది' అని రాసినారు. 'ఇట్ల ఏడ్చేవాళ్లు ఇప్పుడు లేరు' అని రాసినారు." అబద్ధం ఆడటం అంత సులభమని ఆమెకు అంతవరకూ తెలియదు.

ఇక సుబ్బక్క ఊరికే ఉంటుందా? ఇంట్లోని పాత ఫోన్‌లో ఆ వీడియో ఒక్కటి తెరవడం నళిని దగ్గర నేర్చుకుంది. టీ కొట్లో, రేషన్ కొట్లో, టౌన్ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని ఆడవాళ్లకు కూడా ఫోన్ తెరిచి చూపించింది. "చూడమ్మా, ఎంతమందిని ఏడిపించినానో." కొందరు ఆమె వైపు ఒకలా చూసి, "అవునవ్వా" అని కిటికీలోంచి బయటికి చూశారు. సిగ్గుపడి చూశారని ఆమె అనుకుంది. నెట్ మీద ఆమె అభిప్రాయం కూడా మారింది. "ఇన్నాళ్లూ తిట్టినాను గానీ రాజప్పా, ఈ నెట్టు మంచిదే. మనకోసం ఊరూపేరూ లేనోళ్లు కూడా ఏడుస్తారు. పక్కింటోళ్లు అంత ఏడవరు."

రాజప్పకు అన్నీ తెలుసు. గ్లాసు రెండోసారి కడిగాడు.

ఈ సంబరంలో ఆమె ఒక సంగతి ఆలస్యంగా గమనించింది. అంగాళమ్మ రావడం మానేసింది. మొగుడు పోయిన దుఃఖంలో ఉందిలే అనుకుంది కొన్నాళ్లు. తర్వాత వీధిలో ఎదురైతే అంగాళమ్మ పక్క సందులోకి తిరిగింది. ఒంట్లో బాగాలేదని విని, చివరికి సుబ్బక్కే ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయింది. చేతిలో రాగిముద్ద గిన్నె, కొంగున ఫోన్.

అంగాళమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, తిను. తిన్నాక నీకొకటి చూపిస్తా. అన్నకోసం ఎంతమంది ఏడుస్తా ఉండారో చూస్తే నీ కడుపు చల్లబడుతుంది."

అంగాళమ్మ మెల్లిగా ఇటు తిరిగింది. "మా మనవరాలి ఫోన్ ఆ గూట్లో ఉండాది. తీసుకురా. నేనూ నీకొకటి చూపిస్తా."

చూపించింది. ఒక పిల్లి గోడ మీద నుంచి జారి నీళ్ల తొట్లో పడింది. పిల్లి పడుతుండగా సుబ్బక్క గొంతు: "రేటొచ్చిన పొద్దు నువ్వే పోతివే అన్నా!" ఇంకొక దాంట్లో ఎవడో క్రికెట్ ఆటగాడు అవుటై పోతున్నాడు. అదే గొంతు. ఇంకొక దాంట్లో సూటు వేసుకున్నవాడు షేర్లలో మునిగి కుర్చీలో వెనక్కి వాలాడు. అదే గొంతు.

సుబ్బక్కకు ముందు అర్థం కాలేదు. "పిల్లికి... నా ఏడుపు ఎందుకు పెట్టినారు వదినా?"

"నవ్వేదానికి."

"అయితే వీళ్లు? ఈ పసుపు మొగాలు? కండ్లనిండా నీళ్లు..."

"కండ్లే చూస్తివి. నోరు చూడు సుబ్బీ."

చూసింది. ప్రతి ముఖానికీ నోరు చెవుల దాకా తెరుచుకుని ఉంది. పైపళ్లన్నీ కనిపిస్తున్నాయి.

"నవ్వి నవ్వి కండ్లల్లో నీళ్లు పెట్టుకునే మొగాలంట అవి. మా మనవరాలు చెప్పింది" అంది అంగాళమ్మ.

బతుకంతా ఏడ్చేవాళ్ల కళ్లలోకే చూస్తూ వచ్చిన మనిషి సుబ్బక్క. నోరు చూడాలని ఎన్నడూ తోచలేదు. ఆమెకు ఒకదాని వెనక ఒకటి అన్నీ గుర్తొచ్చాయి: బస్సులో కిటికీలోంచి చూసిన ఆడవాళ్లు, రెండోసారి గ్లాసు కడిగిన రాజప్ప, రేషన్ కొట్లో ఫోన్ ఎత్తి పట్టుకున్న తన చెయ్యి.

"నాకు తెలీదు వదినా."

"నీకు తెలీదని నాకు తెలుసు. ఆ పొద్దు నేనూ నవ్వినాను సుబ్బీ, ఏడుస్తానే నవ్వినాను. ఆయప్పను ఎరిగినోళ్ల నవ్వు అది. వీళ్లు ఎవురు?" అంగాళమ్మకు ఆయాసం వచ్చింది. కాస్త ఆగి అంది. "లచ్చమంది ఏడ్చినారని నువ్వు ఊరంతా చెప్పుకొని తిరిగితివి చూడు, అది తట్టుకోలేకపోయినాను. నా సావుకు నువ్వు ఎత్తుకోవద్దు. వస్తే నోరు మూసుకొని రా."

"వదినా, నాకు మాటిచ్చినావు గదా నువ్వు..."

"నువ్వు నాకిచ్చినావు మాట. ఇప్పుడు వద్దంటా ఉండాను."

రాగిముద్ద ముట్టలేదు. సుబ్బక్క గిన్నె తిరిగి తెచ్చుకుంది.

ఆ సాయంత్రం నళిని అత్త కాళ్ల దగ్గర కూర్చుని, "నేనే అబద్ధాలు చదివినాను అత్తా" అంది. సుబ్బక్క ఆమెను తిట్టలేదు. కొడుకును మాత్రం అడిగింది. "తీసెయ్ రా దాన్ని."

"నా పేజీలోది తీసేస్తా అమ్మా. కానీ జనం ఎప్పుడో ఎత్తుకొని వాడుకుంటా ఉండారు. వాళ్ల దాంట్లో నుంచి నేనెట్ల తీసేది?"

"ఏడ్చింది నేను. తీసే చెయ్యి యాడుండాది మరి?"

యతీశ్ తన పేజీలోది తీశాడు. మర్నాడు కూడా పిల్లి పడుతూనే ఉంది.

వానలు మొదలయ్యాక అంగాళమ్మ పోయింది.

సుబ్బక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లింది. ఆమె లోపలికి అడుగు పెట్టగానే ఇల్లు కదిలింది. కృష్ణగిరి నుంచి, కావేరిపట్టణం నుంచి వచ్చిన దూరపు చుట్టాలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఆమెకు జాగా వదిలి, చేతులు భుజాల మీద వేసుకుని ఎదురుచూశారు.

సుబ్బక్క వదిన ముఖం చూసింది. నడుం దగ్గర చీర ఎవరూ సరిగా సర్దలేదు. సర్దింది. కూర్చుంది. నోరు తెరవలేదు.

ఎదురుచూసి ఎదురుచూసి ఫోన్లు ఒకటొకటిగా కిందికి దిగాయి. ఎవరో వేరే ఆమె అందుకుని రెండు మాటలు ఏడ్చింది. అంగాళమ్మ ఏ కూరలో ఉప్పు ఎక్కువ వేసేదో కూడా తెలియని మనిషి ఆమె. "దేవతలాంటి తల్లీ" అని ఏడ్చింది.

వెనక నుంచి మాటలు వినపడ్డాయి.

"ప్రాణానికి ప్రాణం అనేది గదా. ఒక్క చుక్క రాలేదు చూడు."

"ఇంగ ఊరికే ఏడుస్తుందామ్మా? లచ్చలమంది చూసే మనిషి. పేరొచ్చినాక పొగరు రాదా?"

ఎవరో పకపక నవ్వబోయి, శవం గుర్తొచ్చి ఆపుకున్నారు.

సుబ్బక్క కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

చావు ఇంటి నుంచి వస్తే తలమీద నీళ్లు పోసుకోనిదే గడప తొక్కరు. ఇంటి వెనక తొట్టి దగ్గర నిలబడి సుబ్బక్క, "నళినీ, మోటారు వెయ్యమ్మా" అంది.

"తొట్టినిండా నీళ్లుండాయి గదత్తా."

"ఉండనీ. వెయ్యి."

నళిని మీట నొక్కింది. పాత మోటారు, ఊరంతా వినబడేట్టు మొత్తుకుంటుంది. ఆ మోత కింద ఇంకొక గొంతు లేచింది. పక్కనే నిలబడ్డ నళినికి కూడా ముక్కలు ముక్కలుగానే వినిపించింది. టొమాటో వీపు మీద చిట్లిన మాట ఏదో వినిపించింది. రాగిముద్ద ముట్టని మాట వినిపించింది. "నడుమే లేని నా వదినా..." అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. నళినికి ఆ నడుం సంగతి తెలియదు. అయినా నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది.

తొట్టి నిండి, పొంగి, నీళ్లు మేకల దొడ్డిలోకి పారాయి. మేకలు అరుస్తూ కాళ్లు ఎత్తెత్తి వేశాయి. యతీశ్ చేతిలో ఫోన్‌తో బయటికి వచ్చాడు. "నీళ్లన్నీ పోతా ఉండాయి, ఎవురూ చూసుకోరా?" అని మీట వైపు చెయ్యి చాచాడు.

నళిని మీటకు అడ్డంగా నిలబడింది.

"ముందు ఆ ఫోన్ లోపల పెట్టి రా పో" అంది.