పని చెప్పని ఇళ్ళు

చైనాలో జనం నన్ను వింతగా చూశారని, రోడ్డు మీద ఫొటోలు తీశారని, పిల్లలు వేలెత్తి చూపించి నవ్వారని, ఆ అవమానం పడలేక నేను మార్కాపురం వచ్చేశానని మా బంధువుల్లో ఒక కథ స్థిరపడిపోయింది. మొదలుపెట్టింది మా మరిది. టీ బంకు దగ్గర ఒకసారి చెప్పాడు, అది ఊరంతా తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చింది. కూరగాయల మార్కెట్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పాపం, పరాయి దేశంలో ఎన్ని అగచాట్లు పడినావో తల్లీ" అంది. అని, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఇంతకీ మీరేమిటోళ్ళమ్మా?" అని అడిగింది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కిలో వంకాయలు తీసుకుని వచ్చేశాను.

ఆ కథ తప్పు. చూపులకి జడిసే రకాన్ని కాదు నేను. రాచర్ల దగ్గరి పల్లెలో, చర్చి ఉన్న వైపు పుట్టినదాన్ని. ఏ ఇంటి అరుగు దాకా పోవచ్చో, ఏ ఇంటి గడప దాటకూడదో నాకు నడకతో పాటే వచ్చింది. గిద్దలూరు కాలేజీకి పుస్తకాలు పట్టుకుని ఆటో ఎక్కితే, ఈ పిల్లకి చదువెందుకన్నట్టు చూసేవాళ్ళు. పరాయిదాన్నని తెలుసుకోవడానికి విమానం ఎక్కాలా ఎవరైనా? చూసేవాళ్ళని తిరిగి చూడటం అప్పుడే నేర్చుకున్నాను. అక్కడా అదే చేశాను. లిఫ్టులో ఒకాయన నా మొహం వైపే కన్నార్పకుండా చూస్తుంటే నేనూ ఆయన్ని అట్లాగే చూశాను. ఆయన దిగాల్సిన అంతస్తు దాటిపోయింది.

నన్ను విసిగించింది చూపు కాదు, మర్యాద.

మా ఆయనది రాతి పని. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీతో మొదలుపెట్టి, గ్రానైట్ ఎగుమతుల కంపెనీలో చేరాడు. మన కొండల్లోంచి తీసిన బండలు ఓడలెక్కి చైనా పోతాయి. అక్కడ సముద్రం ఒడ్డున ఊరికి ఊరే వాటిని కోసి పాలిష్ పడుతుంది. ఆ బండల నాణ్యత చూసే ఉద్యోగం మీద కంపెనీ ఆయన్ని పంపింది. ఆయన వెనక నేను. రెండు మూడేళ్ళనుకున్నది తొమ్మిదేళ్ళయింది.

అక్కడ మాలాంటి బయటి దేశాలవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఒక్కొక్కరిది ఒక్కో ఉపాయం. మనవాళ్ళ ఆడవాళ్ళు ఒక ఫ్లాట్లో చేరి పప్పు తాలింపు పెట్టుకుని, తలుపులేసుకుని, "వీళ్ళింతే" అనుకుంటూ బతికేవాళ్ళు. ఏళ్ళు గడిచినా వాళ్ళకి 'ఉప్పు' అనే మాట ఆ భాషలో రాదు. ఇంగ్లీషు పాఠాలు చెప్పే రష్యా ఆవిడ ఉండేది. ఎవరైనా ఫోన్ ఎత్తి ఫొటో తీయబోతే ఆవిడే ముందు ఫోన్ తీసి వాళ్ళని ఫొటో తీసేది. ఆవిడతో నాకు బాగా కుదిరింది. ఇంకొకాయన నైజీరియా నుంచి వచ్చిన టైల్స్ వ్యాపారి. ఏళ్ల తరబడి ఒకే నూడుల్స్ దుకాణంలో, ఒకే బల్ల దగ్గర తిన్నాడు. ఒకరోజు ఆ దుకాణం యజమాని ఎవరితోనో తనని చూపించి "మా విదేశీయుడు" అన్నాడని సంబరంగా చెప్పాడు.

"ఇంకా విదేశీయుడే కదా, అందులో గెలుపేముంది?" అన్నాను.

"'మా' అన్నాడు, విన్నావా? ఆ ఒక్క మాట కోసం ఎంత సూప్ తాగానో నీకేం తెలుసు" అన్నాడు.

ఆయనతో ఆ రోజంతా వాదించాను. నాకు ఆ 'మా' చాలదు. పెంపుడు కుక్కని కూడా మా కుక్క అంటారు.

నాకేం కావాలో చెప్తే అందరూ నవ్వుతారు. నాకు పని కావాలి. మా వైపు పెళ్ళిగానీ చావుగానీ జరిగే ఇంట్లో ఎవరు ఏమవుతారో తెలుసుకోవడానికి చుట్టరికాలు అడగనక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు బయటివాళ్ళు. ఉల్లిగడ్డలు తరిగేవాళ్ళు ఇంటివాళ్ళు. పెళ్ళికి ముందురోజు తెల్లారేసరికి మన ఆడవాళ్ళు ఎవరి కత్తిపీట వాళ్ళు చంకన పెట్టుకుని పోతారు. ఎవరూ పిలవరు. పిలిస్తే తప్పు, పిలవలేదని ఇంట్లో కూర్చుంటే ఇంకా పెద్ద తప్పు.

మా పక్క ఫ్లాట్లో ఒక ముసలామె ఉండేది. నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆ భాషలో కూడా దారినపోయేవాళ్ళని అవ్వ, అత్త, అన్న అనే పిలుస్తారు, మనలాగే. ఆ వరసలు వినబడినప్పుడల్లా ఇది మన ఊరే అనిపించేది. అయితే నేను వాళ్ళని వరస పెట్టి పిలిస్తే మురిసిపోయేవాళ్ళు గానీ, నాకు మాత్రం ఎవరూ వరస పెట్టేవాళ్ళు కాదు. ఈ అవ్వ ఒక్కతే నన్ను "పిల్లా" అనేది. పొద్దున్నే ఇద్దరం కలిసి మార్కెట్‌కి పోయేవాళ్ళం. నా చేప ఆమె ఏరేది, ఆమె సంచి నేను మోసేదాన్ని. ఆమెకి జ్వరమొస్తే గంజి కాచింది నేను. మా ఆయన ఫ్యాక్టరీలో కాలు విరగ్గొట్టుకుంటే ఆస్పత్రిలో వాళ్ళతో పోట్లాడింది ఆమె. ఆమె మాటల్ని మా ఊరి మాటలోకి మార్చే రాస్తున్నాను. ఆమె మాట్లాడేదీ పుస్తకాల భాష కాదు, ఆ సముద్రపు ఒడ్డు యాస.

ఆమె మనవడి పెళ్ళి వాళ్ళ సొంత పల్లెలో పెట్టుకున్నారు. పెళ్ళి రోజు మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఎర్ర కార్డు ఇచ్చింది. భోజనం వేళకి పోవడానికి నేనేమైనా మండలాఫీసు గుమస్తానా? ముందురోజు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. మార్కాపురం నుంచి సూట్‌కేసులో పెట్టి తీసుకుపోయిన కత్తిపీట ఉండేది నా దగ్గర. దాన్ని తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

వాళ్ళ వాకిట్లో పందిరి వేశారు. పెద్ద పెద్ద పొయ్యిలు, ఆవిర్లు, తొట్లలో బతికున్న చేపలు. ఆడవాళ్ళు చిన్న చిన్న పీటల మీద కూర్చుని ఆకుకూరలు ఏరుతున్నారు. నాకు కడుపు నిండిపోయింది. ఇదే కదా, ఇంతే కదా. వాళ్ళ మధ్యలో ఖాళీ చూసి చతికిలబడి తువాలు విప్పాను.

అంతే, అటూ ఇటూ ఉన్నవాళ్ళు పీటలతో సహా వెనక్కి జరిగారు.

పెళ్ళిళ్ళలో వాళ్ళు కత్తిని బహుమతిగా ఇవ్వరని నాకు తర్వాత తెలిసింది. ఇస్తే బంధం తెగిపోవాలని కోరుకున్నట్టు. ఎర్ర కాగితాలు అంటించిన ఇంట్లోకి, పెళ్ళికి ముందురోజు, పిలవకుండా ఒక నల్లటి పరాయి దేశపామె కొడవలంత కత్తి పట్టుకొచ్చి మధ్యలో కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి మొహంలో నెత్తురు లేదు. ఒక ముసలాయన "దేనికట అది?" అని గుసగుసగా అడుగుతున్నాడు. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, మెడలోని ఎర్ర గుడ్డ తీసి కత్తి మీద కప్పి, లోపలికి తీసుకుపోయి మంచం కిందికి తోసింది. తిరిగొచ్చి నా రెక్క పట్టుకుని లేపింది. కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. పుచ్చగింజలు ఇచ్చారు. ఎవరో పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టి ఫొటో తీశారు.

మర్నాడు పెళ్ళిలో ఊరి పెద్దల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అందరికీ తినడానికి జంట పుల్లలు, నాకొక్కదానికి ఫోర్కు. నేను పుల్లలతో వేరుశనక్కాయ గింజ కూడా ఎత్తగలనని ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషి వంటపొయ్యి దగ్గర ఉంది.

ఫ్లాట్‌కి వచ్చాక రెండు రోజులు ఆగి పోట్లాడాను.

"నన్నెందుకు కూర్చోబెట్టినావ్ అవ్వా?"

"మర్యాద చేస్తే తప్పా? పెద్దోళ్ళ బల్ల దగ్గర కూర్చోబెట్టినాం నిన్ను. మా కోడలి పుట్టింటోళ్ళకి కూడా ఆ బల్ల దొరకలా."

"నాకు బల్లొద్దు. పనియ్యాల్సింది."

ఆమె బోసినోటితో పగలబడి నవ్వింది. "మా కోడళ్ళేమో నడుం నొప్పి, తల నొప్పి అని పని తప్పించుకుంటారు. నువ్వు పని అడుక్కుంటా ఉండావా! మీ ఊర్లో అందరూ ఇట్లనే పిచ్చోళ్ళా?"

"కత్తి సంగతి నాకు తెలీదు. తెలిస్తే తీసుకొచ్చేదాన్నా? అది లేకపోతే ఇచ్చేదానివా పని?"

నవ్వు ఆపింది. "నువ్వు పోయేదానివి పిల్లా. పోయే మనిషికి పని చెప్పి చేతులు కందించి పంపిస్తామా?" అంది.

"పోతానని నేనెప్పుడన్నా చెప్పినానా?"

"నువ్వు చెప్పేదేంది? మీరందరూ పోయేవాళ్ళే."

మా ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళే మా వీసా. అవ్వ మాట నిజమే కాబట్టి ఇంకా కోపమొచ్చింది. నిజం వింటే కోపం రాకూడదని ఏ కాలేజీలో చెప్పారు?

అమ్మకి మోకాలి ఆపరేషన్ అన్నప్పుడు, పల్లె నుంచి ఆమెని తెచ్చుకుని చూసుకోవడానికి నేను మార్కాపురం వచ్చాను. అంతే తప్ప అవమానం పడలేక కాదు. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టినా నేను పోలేదు. మా ఆయన అక్కడే ఉన్నాడు. నా వీసా కాగితాలు మళ్ళీ పెట్టాలంటే ఇప్పుడే చెప్పాలట. వస్తావా, రావా అని రోజూ ఫోన్లో అడుగుతున్నాడు. ఆలోచిస్తున్నానంటున్నాను. అబద్ధం. ఆలోచన కాదు, ఒక చోట కూర్చోలేకపోవడం. వీధి చివరి దాకా పోయి వస్తాను, మళ్ళీ పోతాను. అమ్మ అంటుంది, "ఏందే, కాలు కాలిన పిల్లి మాదిరి?"

ఈ మధ్యనే తమ్ముడి కూతురి పెళ్ళి జరిగింది, మా పల్లెలోనే. నేనొక లెక్క వేసుకున్నాను. అక్కడ నాకు తెలియని కట్టుబాటుకి తగిలి పడ్డాను. ఇక్కడ అన్నీ తెలుసు. పెళ్ళికి ముందురోజు చీకటితోనే లేచి, అమ్మ కత్తిపీట పట్టుకుని ఆటో ఎక్కాను.

పందిట్లో మా ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో ఉల్లిగడ్డల గుట్ట. పక్కన పొట్టేళ్ళు కట్టేసి ఉన్నాయి. నన్ను చూడగానే మా తమ్ముడి భార్య లేచి వచ్చింది.

"రా వదినా, రా. ఒరే, వదినకి కుర్చీ తేండ్రా! ఫ్యాన్ ఇటు తిప్పండి."

"కుర్చీ ఎందుకే? జరగండి, నేనూ కూర్చుంటా."

"నీకెందుకు వదినా ఈ కంపు? చీర పాడైపోద్ది. కూర్చో, కూల్‌డ్రింక్ తాగు."

కుర్చీ వేశారు. ఎక్కడ వేశారు? దొనకొండ నుంచి ముందే దిగిన పెళ్ళికొడుకు మేనమామల వరసలో. వాళ్ళు నాకు నమస్కారం పెట్టారు.

గుంపులోంచి మా చిన్నమ్మ అరిచింది: "ఆ చేతుల్తో మా ఉల్లిగడ్డలు ముట్టుకోమాకే తల్లీ! పాములు, కప్పలు కోసిన చేతులు!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మా చిన్నమ్మ నోటికి నవ్వకపోతే ఓడిపోయినట్టే.

"పాముని కోస్తే నీ నాలికతోనే కోయాల చిన్నమ్మా, అంత పదును కత్తులు చైనాలో దొరకవు" అన్నాను. మళ్ళీ నవ్వులు. కానీ ఎవరూ జరగలేదు. గుండ్రంలో ఖాళీ రాలేదు.

మరదల్ని నీళ్ళ తొట్టి దగ్గర పట్టుకున్నాను.

"ఇది నా పుట్టిల్లు. నన్ను మగపెళ్ళివాళ్ళ పక్కన కూర్చోబెడతావా?"

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, మెత్తగానే, "మర్యాద చేస్తే కూడా తప్పేనా వదినా?" అంది.

"తప్పే. ఉల్లిగడ్డలు నీకంటే సన్నగా తరుగుతా నేను."

అప్పుడు ఆమె మెత్తదనం పోయింది. "తరుగుతావు. ఎవురు కాదన్నారు? మా నాయన పోయినప్పుడు తరిగినావా? పెద్దత్త పోయినప్పుడు, నా కొడుక్కి డెంగీ వచ్చి ఒంగోలు ఆస్పత్రిలో పడున్నప్పుడు తరిగినావా? ఫోన్లో కనపడి ఏడ్చినావు. నేను కాదనలా, నిజంగానే ఏడ్చినావు. కానీ ఫోన్ వచ్చి అంట్లు తోమదు గదా వదినా. ఇప్పుడొచ్చి పనీ పనీ అంటే, రేపు నువ్వు లేనప్పుడు ఆ చోట్లో ఎవురు కూర్చోవాల?"

"ఉండనని ఎవరు చెప్పారు?"

"మా అన్న రోజూ అడగతా ఉండాడంట గదా వస్తావా అని. రానని చెప్పినావా?"

చెప్పలేదు. ఆమెకి అదీ తెలుసు.

పోయి కుర్చీలో కూర్చోలేదు. అంట్ల గుట్ట దగ్గరికి పోయి, ఎవరూ చెప్పకుండానే ఒక డేగిసా లాక్కుని తోమడం మొదలుపెట్టాను. వంటమనిషి కూతురు కంగారుపడి నా చేతిలోని పీచు లాగేసుకోబోయింది. ఇవ్వలేదు. తోమినంతసేపు వెనక నుంచి మాటలు వినిపించాయి. "పాపం, అక్కడ పనిమనిషి లేదేమో. అలవాటైపోయింది." అదొక కొత్త కథ. మా మరిది దాకా పోయి ఉంటుందీపాటికి.

మరదలి మాటకి నేనిప్పటికీ ఎదురువాదం వెతుక్కుంటున్నాను. ఊళ్ళో ఉండటమే కొలతైతే, తొమ్మిదేళ్ళు ఒక్క జ్వరానికీ, ఒక్క పండగకీ తప్పకుండా అవ్వ ఇంట్లో ఉన్నాను. చాలలేదు. పుట్టడమే కొలతైతే, ఈ పల్లెలో పుట్టాను. అదీ చాలలేదు. నిన్న మా ఆయన ఫోన్ చేస్తే మొదటిసారి ఆయన్నే అడిగాను, "నువ్వెప్పుడొస్తావు?" అని. "ఎక్కడికి?" అన్నాడు. ఆ మనిషికి నిజంగానే అర్థం కాలేదు.

ఉంటానని ఆయనకి చెప్పేయగలను. ఆ మాట మరదలికీ చెప్పగలను, చిన్నమ్మకీ చెప్పగలను. అయితే నాకొకటి ఎవరైనా తేల్చి చెప్పాలి. ఫలానా మనిషి ఇంక ఎక్కడికీ పోదని ఒక ఊరు ఎప్పుడు నమ్ముతుంది, మట్టిలో పెట్టినప్పుడు కాకుండా, బతికుండగా?